నాలుగు మేకుల రీలు

నర్సాపురంలో మగపిల్లాడు లేసు సూది పట్టుకుంటే నామోషీ. వల పట్టుకుంటే కాదు. రెండూ దారం పనే, రెండిట్లోనూ ఉచ్చులో ఉచ్చు దూర్చడమే. కాని ఒకటి అరుగుల మీద ఆడవాళ్ళ చేతుల్లో, ఇంకోటి గోదారొడ్డున మగవాళ్ళ చేతుల్లో ఉండేది. ఈ రెండిటికీ మధ్యన నేను ఒక కొయ్య రీలు నెత్తిన నాలుగు మేకులు దిగ్గొట్టుకుని తాడు అల్లడం మొదలెట్టాను. అది ఆడపనో మగపనో మా వీధిలో ఎవరికీ తేలలేదు. తేలలేదు కాబట్టే ఎవరూ వెక్కిరించలేదనుకుంటాను.

అప్పటికి దివిసీమ ఉప్పెన వచ్చి ఏడాది కాలేదు. 1977 నవంబరులో కృష్ణా జిల్లాని ముంచిన ఆ రాత్రి మాట ఎత్తితే మా వైపు పెద్దవాళ్ళు కూడా గొంతు తగ్గించి మాట్లాడేవారు. నేను ఏడో తరగతి. మా ఇల్లు రేవుకి దగ్గర. వశిష్ఠ గోదావరి అక్కడ బాగా వెడల్పు. అవతల సఖినేటిపల్లి, అంటే అప్పటి తూర్పుగోదావరి జిల్లా. మధ్యలో పంటు. మనుషులు, సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, అప్పుడప్పుడు ఒక బర్రె, అన్నీ కలిసే దాటేవి. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి జనం దిగితే పంటు మీద కాలు పెట్టే చోటుండేది కాదు.

మా వీధిలో అరుగు లేని ఇల్లు లేదు, లేసు అల్లని అరుగు లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన పని అది. నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పాకింది. గడప దాటి కూలికెళ్ళడం పరువు తక్కువ అనుకునే ఇళ్ళలో ఇది బాగా కుదిరింది. చేతిపని వాళ్ళు పువ్వులు అల్లేవారు, అతుకుపని వాళ్ళు వాటిని కలిపేవారు. పువ్వు అల్లిన మనిషి పూర్తయిన బల్లగుడ్డని చూసేది తక్కువ. అది ఏ దేశంలో ఏ బల్ల మీద పరుచుకుందో తెలిసే వీలే లేదు.

మా మేనత్త చేతిపని మనిషి. మధ్యాహ్నం గిన్నెలు బోర్లించి, చేతులు సబ్బుతో కడుక్కుని, పొడిగా తుడుచుకుని, తెల్లగుడ్డలో చుట్టిన పని విప్పేది. చెమట అంటితే దారం మాపెక్కుతుంది, మాపెక్కితే ఏజెంటు కూలి కోస్తాడు. ఆవిడ వేళ్ళ వైపు చూడడం నేనెప్పుడూ చూళ్ళేదు. వీధిలో పోయేవాళ్ళతో మాట్లాడేది, నన్ను తిట్టేది, పొయ్యి మీద పాలు పొంగకుండా ఓ చెవి అటు పడేసేది. సూది మాత్రం ఆగేది కాదు.

మా హైస్కూల్లో స్కౌట్స్ ఉండేది. దాంట్లో చేరినవాడికి మెడలో స్కార్ఫు, జేబులో ఈల, ఆ ఈలకి లాన్‌యార్డ్ అనే తాడు. ఓడల్లో పనిచేసేవాళ్ళు కత్తి చేయి జారి నీళ్ళలో పడకుండా ఇలాంటి తాడుతోనే ఒంటికి కట్టుకునేవారని మాస్టారు చెప్పారు. మాకిది కొత్తగా అనిపించలేదు. రేవులో తాడు కట్టని వస్తువేదీ ఉండేది కాదు. పడవలో నీళ్ళు తోడే డబ్బాకి కూడా తాడే. ఈల మాస్టారిచ్చారు. తాడు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. కొనుక్కున్న వాళ్ళు కొనుక్కున్నారు. మా నాన్న ‘మొలతాడు కట్టుకోరా’ అన్నాడు.

పక్కింటి అక్క హాస్టల్లో చదువుకునేది. సెలవులకొచ్చినప్పుడు దాని చేతిలో చూశాను మొదటిసారి: రీలు అడుగు నుంచి ఉన్ని తాడు ఒకటి చిటికెన వేలంత లావున వేలాడుతోంది. పైన ఏదో గిలకొట్టినట్టు పుల్లతో పొడుస్తోంది, కింద తాడు దిగుతోంది. అడిగితే చూపించింది గాని రీలు ఇవ్వలేదు. ‘నువ్వే చేసుకో, మేకులేమన్నా బంగారమా’ అంది.

రీలు టైలరు బాబాయి దగ్గర దొరికింది. అప్పటికింకా కుట్టు దారం కొయ్య రీళ్ళ మీద వచ్చేది. ప్లాస్టిక్‌వి, అట్టగొట్టాలవి అప్పుడప్పుడే దిగుతున్నాయి. ఖాళీ రీళ్ళన్నీ పిల్లలవే. వాటికి రబ్బరుబ్యాండు, కొవ్వొత్తి ముక్క, అగ్గిపుల్ల తగిలించి నడిచే బండ్లు చేసేవాళ్ళం. బాబాయి ఒక పెద్దది తీసి, కంతలోంచి నన్ను ఓ కంటితో చూసి, ‘దీన్నేం చేస్తావురా’ అన్నాడు. చెప్పాను. ‘అయితే అంచున కొట్టకు, చీలుద్ది’ అన్నాడు.

చీలకుండా కొట్టడం వడ్రంగి తాత నేర్పాడు. ఆ కిటుకు ఇప్పటికీ వాడతాను. మేకుని తలకిందులుగా రాయి మీద నిలబెట్టి, మొన మీద సుత్తితో చిన్న దెబ్బ వెయ్యాలి. మొన మొండిబారుతుంది. వాడి మొన కొయ్య ఈనెల్ని విడదీసుకుంటూ పోతుంది, అందుకే చీలిక. మొండి మొన ఈనెల్ని నలిపి తనకి కావలసిన చోటు తను చేసుకుంటుంది. ముందు చెప్పులు కుట్టే ఆరెతో నాలుగు గుంటలు పొడవమన్నాడు. కంతకీ అంచుకీ సగం దూరంలో, నాలుగు దిక్కులా. మేకులు నిటారుగా కాక రవ్వంత బయటికి వాలేట్టు దింపమన్నాడు. ఎందుకో అప్పుడు చెప్పలేదు. దారం వేశాక తెలిసింది: లోపలికి వాలిన మేకు మీద ఉచ్చు నిలవదు, తనంతట తనే జారిపోతుంది.

పని ఇలా. దారం కొసని కంతలోంచి కిందికి వదిలి, ఎడమచేత్తో పట్టుకోవాలి. పైన ఒక్కో మేకుకి ఒక్కో చుట్టు వేసుకుంటూ రావాలి. ఇది పునాది, ఇంకా అల్లిక కాదు. రెండో వరస నుంచి అసలు పని. దారాన్ని మేకు బయటి వైపు, ఉన్న చుట్టుకి పైగా ఆనించాలి. కింది చుట్టుని పుల్లతో ఎత్తి, ఆ దారం మీదుగా, మేకు తల మీదుగా దాటించి లోపలికి వదిలెయ్యాలి. కొత్త దారం మేకుని పట్టుకుంటుంది, పాత చుట్టు దాని మెడలో పడి కంతలోకి దిగుతుంది. రీలుని పావు వంతు తిప్పి పక్క మేకు. మళ్ళీ పక్క మేకు. ప్రతి వరసకీ కింద కొసని ఒకసారి లాగాలి. అంతే. ఇంకే విద్యా లేదు ఇందులో.

కాని మొదటి రెండంగుళాలు మనిషి ఓపికని పరీక్షిస్తాయి. అల్లిక కంతలోపలే ఉంటుంది, కనపడదు. సరిగ్గా వస్తోందా, చిక్కు పడుతోందా అనేది తెలీదు. రీలుని సూర్యుడి వైపు ఎత్తి కంతలోకి చూస్తే చీకటే. ఒక రోజు బడి నుంచొచ్చి అలా తిప్పుతూ ఉంటే, అడుగున గుండ్రటి తాడు మొన బయటపడింది. నాలుగు వైపులా నాలుగు గొలుసులు, మధ్యలో బోలు. పట్టుకుని లాగితే సాగింది, వదిలితే ముడుచుకుంది. పేనిన తాడు అలా సాగదు. దాన్ని పట్టుకుని వీధంతా తిరిగాను.

పుల్ల సంగతి మర్చిపోయాను. సైకిల్ షాపులో విరిగిన స్పోకు ముక్క ఒకటి తెచ్చి, గచ్చు మీద అరగదీసి మొన గుండ్రం చేసుకున్నాను. పిన్నీసుతోనూ చెయ్యొచ్చు గాని దారం పోగుల్లో గుచ్చుకుంటుంది.

దారం ఎక్కణ్ణించి? అసలు కథంతా ఇక్కడే ఉంది. దారం రాజ్యమేలే వీధిలో నాకు దారం దొరకలేదు. అత్త గుడ్డలో పాలలాంటి తెల్ల దారపు ఉండలు ఉన్నాయి, కాని అవి అత్తవి కావు. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, లేసు తూచి తీసుకునేవాడు. కూలి కూడా అల్లిన దారాన్ని బట్టే. తేడా వస్తే కూలిలోంచి పోతుంది. నేను అడగ్గానే అత్త నవ్వి, ‘మూరెడు ఇస్తే మూరెడు మీ మావయ్య జేబులోంచి కట్టాల్రా’ అంది. మావయ్య రైసుమిల్లులో గుమస్తా. ఆయన జేబులో ఏముంటుందో మా అందరికీ తెలుసు.

అందుకని పురికొస. కిరాణా కొట్టులో పొట్లాలు కట్టే సన్న జనపదారం. ఇంటికొచ్చిన ప్రతి పొట్లం దగ్గరా కాపు కాసి, ముడి తెంపకుండా విప్పి, ఉండ చుట్టేవాణ్ణి. ముక్కకి ముక్క ముడేస్తే ఆ ముడి మేకు దగ్గరికొచ్చేసరికి మొరాయించేది. తాడు గరుకుగా, పిచ్చుకగూడు రంగులో వచ్చింది. మెడకేస్తే దురద.

అది చూసి అత్త తన పని పక్కన పెట్టింది. పగటిపూట ఆవిడ సూది పక్కన పెట్టడం వింత. రీలు చేతిలోకి తీసుకుని రెండు వరసలు వేసి, నాకు తిరిగిచ్చి అంది: ‘ఏరా, నీకెందుకంత కోపం? బిగించి చంపుతున్నావు. ఒదులుగా వెయ్యి. దారానికి ఊపిరాడాలి. కింద లాగేటప్పుడు ఎలాగూ సర్దుకుంటది.’

ఒదులుగా వేశాను. పుల్ల ఉచ్చులోకి సులువుగా దూరింది, ఎత్తడానికి బలం అక్కర్లేకపోయింది. గంటకి జానెడు దిగే తాడు మూరెడు దిగడం మొదలైంది. వదిలిపోయిన ఉచ్చుని ఎలా అందుకోవాలో కూడా ఆవిడే చూపించింది. ఒక మేకు మీది ఉచ్చు జారితే ఆ గొలుసు పైనుంచి కిందికి మెట్లు మెట్లుగా విడిపోతుంది. కంగారు పడి కొస లాగితే ఇంకా విడుతుంది. తాడు కొస వదిలేసి, లేసు సూది కొక్కేన్ని ఆ మెట్లలో ఒక్కోదాన్నీ పట్టించి పైకి ఎక్కిస్తూ రావాలి. ఆవిడ అది చేస్తున్నప్పుడు కళ్ళు ఎదురింటావిడ మీదే ఉన్నాయి. వాళ్ళబ్బాయి పెళ్ళి గురించి మాట్లాడుతోంది.

నైలాన్ రేవులో దొరికింది. వలలు అప్పటికి నూలు వదిలి నైలాన్‌కి తిరిగాయి. ఇసకలో వల పరిచి, బొటనవేలికి తగిలించుకుని, చిరుగులు అల్లే మావ ఒకడుండేవాడు. చుట్టూ బెండ్లు, సీసపు గుళ్ళు, ఆకుపచ్చ, నీలం దారపు తుంటలు. ‘పనికిరానివి తీసుకోరా’ అన్నాడు. తుంటలు పొట్టివే గాని, ముడి ఎలా పెడితే జారదో చేసి చూపించాడు. నైలాన్ నున్నన, మామూలు ముడి నిలవదు. కొసల్ని బీడీ నిప్పుకి ఆనిస్తే పోగులు కరిగి ఉండకడతాయి. వేడిగా ఉండగానే తడిచేత్తో నొక్కితే గట్టిపడిపోతుంది, ఇక విడదు. ఆ కాలిన వాసన నాకిష్టం. ఇప్పటికీ ఇష్టమే, ఆరోగ్యానికి మంచిది కాదని ఇంట్లోవాళ్ళు తిడుతున్నా.

లావు దారానికి రీలు కంత చాల్లేదు. వెదురు బొంగు ముక్క కోసి, మేకుల బదులు దాని చుట్టూ వెదురు పుల్లలే నిలబెట్టి తాడుతో బిగించి కట్టాను. బొంగుకి కంత తొలిచే పని లేదు, దేవుడే తొలిచి పంపాడు. పుల్లలు నాలుగు ఉంటే తాడు దగ్గరగా వస్తుంది. ఆరు పెడితే లావెక్కుతుంది గాని బోలు కూడా పెరిగి, నొక్కితే చదునైపోతుంది. రెండే పెట్టినా తాడు వస్తుంది, సన్నగా, గట్టిగా. నాకు నచ్చింది నాలుగే.

నీలం, ఆకుపచ్చ కలిసిన ఆ ఈల తాడు ముగించే రోజు కొస తెంపి, నాలుగు ఉచ్చుల్లోంచీ వరసగా దూర్చి, పుల్లల మీంచి ఎత్తి బిగించాను. మూతి ముడుచుకుపోయింది. రెండు చివర్లూ కలిపి ఈల రింగుకి కట్టాను. స్కౌట్ మాస్టారు లాగి చూసి, ‘ఏ కొట్లోరా?’ అన్నారు. పంటు మీద టిక్కెట్లు కొట్టే ఆయన తన తాళాల గుత్తికి ఒకటి చెయ్యమని అడిగి పావలా ఇచ్చాడు. రేవులో మగవాళ్ళు ‘ఆయ్, ఎంత పనిమంతుడివిరా’ అన్నారు. మావయ్య ఆ తాడుని పట్టుకెళ్ళి రైసుమిల్లులో చూపించాడు.

అదే మావయ్య, 1981 జనాభా లెక్కలాయన అరుగు మీద కాగితాలు పరిచి ‘మీ ఆవిడేం చేస్తారండీ’ అంటే, ‘ఏం చెయ్యదండి, ఇంట్లోనే ఉంటది’ అన్నాడు. అత్త లోపల గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. సూది ఆడుతోంది. ఆవిడ కూడా ఏమీ అనలేదు. అబద్ధం చెప్పాడన్న ఆలోచనే ఇద్దరికీ వచ్చినట్టు లేదు. మావయ్య చెడ్డవాడు కాదు. ఆ వీధిలో ఏ మగవాడైనా అదే చెప్పేవాడు, ‘ఖాళీ టైములో ఏదో లేసు అల్లుకుంటది’ అని. ఉదయం వంటకి ముందు కాస్త, మధ్యాహ్నమంతా, రాత్రి దీపం దగ్గర మళ్ళీ. ఆ ఖాళీ టైము ఎప్పుడూ నిండే ఉండేది. నాకు ఆటగా చేసిన మూరెడు తాడుకి పావలా ముట్టింది. ఆవిడ ఉండ దారం అల్లితే వచ్చే డబ్బులు చెబితే ఇప్పుడు ఎవరూ నమ్మరు.

ఈ సంగతి నాకై నాకు తట్టింది కాదు. చాలా ఏళ్ళ తర్వాత హైదరాబాదులో ఒక లైబ్రరీలో మరియా మీస్ పుస్తకం కనపడింది, ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’. ఆవిడ జర్మనీ దేశపు సామాజికవేత్త. డెబ్భైల చివర్లో మా ఊళ్ళ వైపు తిరిగి, అరుగుల మీద కూర్చున్న వాళ్ళతో మాట్లాడి, 1982లో ఆ పుస్తకం వేసింది. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేసే మనిషిని ‘ఇల్లాలు’ అని పిలవడం వల్లే కూలి అంత తక్కువగా నిలిచిందనీ, వ్యాపారం చేసిన మగవాళ్ళు బాగుపడ్డారనీ ఆవిడ వాదన. చేతిపని, అతుకుపని అన్న మా వీధి మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఎదురయ్యాయి. నిలబడే చాలా పేజీలు చదివాను. చదివినంతసేపూ జనాభా లెక్కలాయన పెన్సిలు కళ్ళముందు ఆడింది.

తాళ్ళ పిచ్చి నన్ను వదల్లేదు. ఈమధ్య కొండలెక్కే వాళ్ళ సామాన్లు అమ్మే షాపులో పారాకార్డ్ చుట్ట కొన్నాను. పారాచూట్ గుడ్డకి మనిషిని వేలాడదీసే తాళ్ళ జాతి ఇది. పట్టు దొరకడం కష్టమైన రెండో ప్రపంచయుద్ధ కాలంలో పారాచూట్లు నైలాన్‌కి మారాయి. డూపాంట్ కంపెనీ నైలాన్‌ని లోకానికి ప్రకటించింది 1938లోనే. మేజోళ్ళకని బజారుకొచ్చిన దారం యుద్ధానికి పోయింది. తర్వాత తిరిగి తిరిగి మా రేవులో వలల్లోకీ వచ్చింది. ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా దొరికే రకాన్ని 550 అంటారు. 550 పౌన్ల బరువుకి, అంటే దాదాపు 250 కిలోలకి తెగకూడదని లెక్క. సుమారు 4 మిల్లీమీటర్ల లావు. పైన అల్లిన తొడుగు, లోపల ఏడు పోగులో అంతకి కాస్త ఎక్కువో. కొస కోసి చూస్తే తెల్లటి పోగులు బయటికి తొంగిచూస్తాయి.

ఇంత లావుది పాత రీలుకి లొంగదు. నీళ్ళ పైపు ముక్క తీసుకుని, చుట్టూ నాలుగు ఐస్‌క్రీం పుల్లలు టేపుతో బిగించాను. ఉన్నది ఉన్నట్టు అల్లితే తాడు బిరుసుగా, వేలెడు లావున వస్తుంది. లోపలి పోగులు లాగేస్తే తొడుగు మెత్తబడి మాట వింటుంది. బలం తగ్గుతుందనుకోండి, కాని తాళాల గుత్తి మొయ్యడానికి 250 కిలోల బలం ఎవడికి కావాలి? తాడు మాత్రం విపరీతంగా తింటుంది. ఒక మెడ తాడు పూర్తయ్యేసరికి చుట్టలో చాలా భాగం ఖాళీ. పిల్లల మెడలో వేసేదైతే వెనక, గట్టిగా లాగితే ఊడే క్లిప్పు తప్పకుండా పెట్టాలి. ఇది దేనికైనా చిక్కుకుంటే తెగే రకం కాదు.

ఆమధ్య ఊరెళ్ళినప్పుడు సంచిలో ఈ పైపు ముక్క కూడా ఉంది. అత్త లేదు. మరదలు అల్లుతోంది, అదే అరుగు మీద, కాకపోతే పైన ఫ్యాను. నర్సాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి, మంచిదేగా అన్నాను. ‘మంచిదే బావా. కూలి పెరిగినప్పుడు ఇంకా మంచిది’ అంది.

నా మెడలో తాడు చూసి, కావాలని తీయించుకుంది. గోటితో ఒక గొలుసు పక్కకి జరిపి లోపల చూసింది.

‘దీన్ని ఎంతకి అమ్ముతారు?’

ఒక షాపులో పెట్టిన ధర చెప్పాను.

‘అల్లినోళ్ళకి ఎంతిస్తారు?’

నేను సరదాకి అల్లుకుంటానన్నాను. ఆవిడ నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, పైపు ముక్క లాక్కుని, ఎర్ర పారాకార్డ్ వేసి మొదలుపెట్టింది. మొదటి రెండు వరసలు నేను చెప్పాను. మూడో వరసకి నన్ను చూడ్డం మానేసింది. నాలుగో వరసకి కోడల్ని కేకేసి, కుక్కరు ఎన్ని కూతలు వేసిందో అడుగుతోంది. తాడు నాకంటే సమంగా దిగుతోంది, వేగంగా కూడా.

కాసేపటికి ఆపి, పైపు నా చేతిలో పెట్టింది.

‘నాలుగు పుల్లలు చాలవు బావా, ఆరు పెట్టి తీసుకురా. బోలు పడుద్దంటావా, దారం లోపల పెట్టి అల్లేద్దాం, నువ్వు పీకేసిన ఆ పోగులున్నాయిగా. నెలకి ఇరవై అల్లిస్తాను, మా కోడలు కూడా చేస్తది. దారం నీదే. కూలి ఎంతో ముందే చెప్పు.’